గీత కిందికి దిగరాదు

నీలాటివలస ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠం చెప్పే బరాటం సుభాషిణికి, ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక గీత తరఫున సంజాయిషీ ఇచ్చుకోవాల్సి రావడం అదే మొదలు. ఆలస్యంగా వచ్చినందుకు మెమో అందుకున్న వాళ్ళు లోకంలో బోలెడుమంది. అసలు రానందుకు అందుకున్న వాళ్ళూ ఉన్నారు. గీత కిందికి దిగిందని అందుకున్న మనిషి మాత్రం ఆవిడొక్కతే అయ్యుంటుంది.

ఇది ఎక్కడ పుట్టిందో ముందు చెప్పాలి. ఆ ఎండాకాలం రాజధానిలో సాంకేతిక విద్యా శాఖవారి సమీక్షా సమావేశం జరిగింది. తెర మీద ఒకదాని వెనక ఒకటి గ్రాఫులు వేశారు. హాజరు గ్రాఫు కిందికి, ఉత్తీర్ణత గ్రాఫు ఇంకా కిందికి, కొత్తగా చేరేవాళ్ళ గ్రాఫైతే చెప్పనే అక్కర్లేదు. శాఖ పెద్దాయనకి ఒళ్ళు మండిపోయింది. "ఇంకోసారి కిందికి దిగే గ్రాఫు నా కంటపడితే ఊరుకోను!" అని బల్ల గుద్ది భోజనానికి లేచిపోయాడు. కోపంలో మనిషి ఏదో ఒకటి అంటాడు. ఇంట్లో అయితే భార్య విననట్టు ఊరుకుంటుంది, సాయంత్రానికి అందరూ మర్చిపోతారు. ఆఫీసులో ఆ సుఖం లేదు. అక్కడ పెద్దాయన నోట్లోంచి ఊడిపడ్డ ప్రతి ముక్కనీ రాసుకునేందుకు ఒకాయన కూర్చునుంటాడు. ఆయన రాసుకున్నాడు. రాసుకున్నది ఫైలెక్కింది, ఫైలు నాలుగు బల్లలు దిగింది, పదోరోజుకి ఉత్తర్వై నీలాటివలస వచ్చి పడింది.

"రాష్ట్రమందలి సమస్త పాలిటెక్నిక్ కళాశాలల ప్రిన్సిపాళ్ళకు తెలియజేయునది ఏమనగా: ఇకమీదట ఏ విభాగమునందైనను, ఎట్టి కారణము చేతనైనను, గ్రాఫులు కిందికి దిగరాదు. గ్రాఫులన్నియు స్ప్రెడ్‌షీటు రూపములో 'ప్రగతి రేఖ' పోర్టల్ నందు నమోదు చేయవలెను. దిగిన గీతకు సంబంధిత అధ్యాపకులే పూర్తి బాధ్యులు. ఇది అత్యంత జరూరు."

ఎక్కడైనా, ఏదో ఒకటి దిగకుండా ఉంటుందా అని అడగడానికి ఒక్కరికీ నోరు రాలేదు. పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

సుభాషిణి ఆ కాగితం చదివి నవ్వుకుని పక్కన పెట్టింది. హాజరు గురించో, చేరికల గురించో అనుకుంది పాపం. ల్యాబులో ఆవిడ పిల్లలు ఫిల్టర్లు కడుతున్నారు అప్పుడు.

ఫిల్టరంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. పిండి జల్లించే జల్లెడ లాంటిది, కాకపోతే ఇది కరెంటు రూపంలో వచ్చే శబ్దాల్ని జల్లిస్తుంది. ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు కలిపితే చాలు, బొంగురు శబ్దాల్ని పోనిస్తుంది, కీచు శబ్దాల్ని ఆపేస్తుంది. కట్టాక, బొంగురు నుంచి కీచు దాకా కరెంటు పుట్టించే సిగ్నల్ జనరేటరు పెట్టె మీది మరని పది హెర్ట్జుల నుంచి లక్ష హెర్ట్జుల దాకా మెల్లగా తిప్పుకుంటూ పోవాలి. లోపలికి ఒక వోల్టు పంపితే బయటికి ఎంత వస్తోందో చూసి రాసుకోవాలి. ఆ అంకెల్ని స్ప్రెడ్‌షీటులో ఎక్కిస్తే గీత వస్తుంది. కొంతదూరం చదునుగా నడిచి, వెయ్యి హెర్ట్జుల దగ్గర తల వంచి, ఆపైన జారుకుంటూ పోతుంది. అలా జారితేనే అది ఫిల్టరు.

సుభాషిణికి ఈ విషయంలో ఒక చాదస్తం ఉంది. రీడింగు ముందు పెన్నుతో రఫ్ పుస్తకంలో రాయాలి, తర్వాతే షీటులో కొట్టాలి. పెన్నుతో రాసినదాన్ని కొట్టెయ్యకూడదు. "కంప్యూటరు అబద్ధం ఆడదర్రా. దాని ముందు కూర్చున్నప్పుడు మనమే ఆడతాం" అనేది. పిల్లలు చాటుగా ఆవిడకి రీడింగమ్మ అని పేరు పెట్టారు. అది ఆవిడకి తెలుసు, లోలోపల సంతోషమే.

ఆ యేడు మూడో సంవత్సరంలో ముప్ఫై ఆరుగురున్నారు. విశాఖ శివార్లలో వినికిడి యంత్రాలు చేసే కంపెనీ ఒకటి ఇరవయ్యో తారీఖున ఇంటర్వ్యూలు పెట్టింది. నీలాటివలస పిల్లల్ని ఒక కంపెనీ పిలవడం ఆ కాలేజీ పుట్టాక అదే ప్రథమం. చెవిలో పెట్టుకునే మిషనుకి ప్రాణం ఫిల్టరేనట, అందుకని ఫిల్టరు ప్రయోగం చేసినట్టు సర్టిఫికెట్టు తెచ్చినవాళ్ళనే లోపలికి రానిస్తామన్నారు. సర్టిఫికెట్టు ప్రగతి రేఖ పోర్టల్లోంచే అచ్చవ్వాలి. పోర్టల్లో షీటు పచ్చరంగులోకి వస్తే గాని అచ్చు బటన్ కనపడదు. ఇదీ సంగతి.

పదో తారీఖున షీటు ఎక్కించారు. ఆ పోర్టల్‌కి వచ్చిన లెక్క ఒక్కటే. చివరి గడిలో ఉన్నదాంట్లోంచి మొదటి గడిలో ఉన్నదాన్ని తీసేస్తుంది. మొదటి గడిలో ఒక వోల్టుంది. చివరి గడిలో వోల్టులో వందో వంతుంది. ముప్ఫై ఆరు షీట్లూ మందారాల్లా ఎర్రబడ్డాయి. కింద ఒక వాక్యం వచ్చింది: "తగ్గుదల 99 శాతం. బాధ్యులెవరు?"

గంట తిరక్కుండా అటెండరు అప్పలకొండ ల్యాబులోకి వచ్చాడు. "మేడం, పెద్దసారు బేగి రమ్మన్నారు. ఏటి సేసీసినారో గాని ఆయన మంచినీళ్ళు తాగతన్నారు, తాగతన్నారు, గ్లాసు దించట్లేదు."

ప్రిన్సిపాల్ ఆరవెల్లి నరహరి సివిల్ ఇంజనీరు. జీవితమంతా గోడలు నిలబెట్టిన మనిషి గనక, కిందికి వచ్చేదేదైనా ఆయన దృష్టిలో కూలిపోవడమే.

"ఇదేంటమ్మా సుభాషిణీ, తొంభై తొమ్మిది శాతమా! చివరికి ఏమీ మిగలకుండా చేశావు గదమ్మా!"

"మిగలకూడదు సార్. పై ఫ్రీక్వెన్సీల్ని ఆపడమే దాని పని."

"పక్క గడిలో ఇది ఏమిటి మరి? సున్నా, సున్నా, మైనస్ ఒకటి, మైనస్ మూడు, మైనస్ ఏడు..."

"అది డెసిబెల్ లెక్క సార్. పూర్తిగా పోనిస్తే సున్నా వస్తుంది, ఆపుతున్న కొద్దీ మైనస్ పెరుగుతుంది."

నరహరి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అంటే బాగా పనిచేసినప్పుడు సున్నా, చెయ్యనప్పుడు మైనస్. మరి మార్కులు పడేదెప్పుడమ్మా?"

సుభాషిణి కాగితాలు సర్దుకుని ల్యాబుకి వచ్చేసింది.

పన్నెండో తారీఖున మెమో వచ్చింది. ఆవిడ సంజాయిషీ రాసింది, సూత్రంతో సహా, బొమ్మతో సహా రెండు పేజీలు. దానికి పై నుంచి వచ్చిన ప్రత్యుత్తరం మూడు వాక్యాలే. "తమరి వివరణ పరిశీలించబడినది. ప్రకృతి నియమము అను కారణము ఉత్తర్వులోని మినహాయింపుల జాబితాలో లేనందున ఆమోదించుటకు వీలుపడదు. వెనుకబడిన ఫ్రీక్వెన్సీలను గుర్తించి, ఒక్కొక్క దానిని ఒక్కొక్క సిబ్బంది దత్తత తీసుకొని, పురోగతి నివేదిక పంపవలెను."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు ఆవిడకి. నరహరి గారు మాత్రం కుదుటపడ్డారు. చెయ్యాల్సిందేమిటో కాగితం మీద ఉంటే ఆయనకి ఎంత ధైర్యమో! మధ్యాహ్నం స్టాఫ్ మీటింగు పెట్టి ఫ్రీక్వెన్సీలు పంచేశారు. రెండు వేల హెర్ట్జులు మెకానికల్ ఆయనకి, అయిదు వేలు ఇంగ్లీషు మేష్టారికి, పది వేలు లైబ్రరీ ఆవిడకి, ఇరవై వేలు తనకి. "పెద్దతలకాయని, బరువైనది నేనే మోస్తా" అన్నారు. మిగిలినవాటిలో యాభై వేలు అప్పలకొండ వాటాకొచ్చింది. లక్ష తీసుకోడానికి మనిషి లేక ఖాళీ పోస్టు కింద చూపించారు.

"మేడం," అన్నాడు అప్పలకొండ సాయంత్రం, తలుపు దగ్గర నిలబడి, "యాబై వేలు నాకిచ్చీసినారు గదా, దానికి నాను ఏటి సెయ్యాల? రోజూ ఒచ్చి సూడాలా?"

"చూసి ఏం చేస్తావు అప్పలకొండా, అది అలాగే ఉంటుంది."

"మా ఆడదీ అదే అంది. నువ్వు దత్తత తీసుకుంటే ఉన్నది కూడా పోద్ది అంది."

అయినా వాడు మంచివాడు. రోజూ పొద్దున్నే జనరేటరు మీద దుమ్ము దులిపి, యాభై వేల అంకె దగ్గర ఒకసారి ఎక్కువ తుడిచేవాడు. నివేదికలో నరహరి గారు అది కూడా రాశారు. "వ్యక్తిగత శ్రద్ధ" అనే గడిలో.

పదిహేనో తారీఖుకి రాష్ట్రంలో ఉన్న నలభై రెండు కాలేజీల్లో నలభై ఒకటి పచ్చబడ్డాయి. ఇదేం విడ్డూరమని సుభాషిణి తనతో చదువుకున్న స్నేహితురాలికి ఫోన్ చేసింది. ఆవిడ పక్క జిల్లా కాలేజీలో ఇదే పాఠం చెబుతుంది.

"మీది ఎలా పచ్చబడిందే?"

"నీకు మతిగాని పోయిందా? మొదటి రెండు గడుల్లో ఒకటీ రెండూ కొట్టి, మూల పట్టుకుని కిందికి లాగితే షీటు దానంతటదే మూడు, నాలుగు, అయిదని నింపుకుంటుంది. రెండు క్షణాల పని."

"ఫిల్టరు కట్టలేదా?"

"ఎందుకూ? కడితే దిగుతుంది గదా!"

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నరహరి గారు ఆ రోజు నుంచి ఆవిణ్ణి చూసినప్పుడల్లా ఈ సామెత పైకి చెప్పకుండా మొహంతోనే చెప్పేవారు. అది ఆవిడ పడగలదు. పదహారో తారీఖున తెంటు హైమ వచ్చి నిలబడింది. అదే పడలేకపోయింది.

హైమ ఆ ముప్ఫై ఆరుగురిలో కెల్లా చెయ్యి తిరిగిన పిల్ల. టంకం పెడితే వెండి చుక్కలా నిలిచేది. పదిహేను కిలోమీటర్ల నుంచి బస్సులో వచ్చేది, బస్సు రాకపోతే ఇసుక ట్రాక్టరెక్కి వచ్చేది. ఒక్క రోజు మానలేదు.

"మేడం, మార్చీండి. ఎవరు చూస్తారు? ఇంకా నాలుగు రోజులే ఉంది."

"నువ్వు కొట్టిన రీడింగే గదే అది. నీ చేత్తో మారుస్తావా?"

"మారుస్తాను" అంది హైమ, తలెత్తకుండా. "ముప్ఫై ఆరుగురం మేడం. మా ఊళ్ళో ఇంతవరకూ ఏ ఆడపిల్లకీ కంపెనీ నుంచి ఉత్తరం రాలేదు. నాకొచ్చింది. ఒక అంకె కోసం పోగొట్టుకోమంటారా?"

సుభాషిణికి కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీలేదు. హైమ మీద కాదు. మూడేళ్ళు నేర్పిన పాఠాన్ని ఒక ఎర్ర గడి ఆరు రోజుల్లో తినేసిందే అని. "రెండు రోజులాగు" అంది. ఆగితే ఏం చేస్తుందో ఆవిడకీ తెలీదు.

ఏం చెయ్యనక్కర్లేకుండానే పదిహేడున పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. నలభై రెండింట్లో ఒక్కటి ఎర్రగా మిగిలితే తెర మీద మరీ కొట్టొచ్చినట్టు కనపడుతోందట. గీత నిజంగానే దిగుతోందా, లేక దింపుతున్నారా అని తేల్చడానికి క్షేత్రస్థాయి విచారణ కమిటీ వస్తోంది. పద్దెనిమిది ఉదయం పదకొండింటికి వచ్చేసింది. ఉపసంచాలకులు పంచనాథం గారు, గణాంకాధికారి కోదండపాణి గారు. నరహరి గారు ఇద్దరికీ శాలువాలు కప్పారు. ల్యాబులో ఫ్యాను కింద శాలువాలతోనే కూర్చున్నారు వాళ్ళు.

"మేడం," అన్నారు పంచనాథం గారు, "ప్రభుత్వం ఎవరినీ వేధించాలని చూడదు. గీత దిగుట వెనుక ఏదైనా నిర్లక్ష్యముందా, లేదా కుట్ర ఉందా, అంతవరకే మా పరిధి. మా సమక్షంలో ప్రయోగం చేయించండి."

సుభాషిణి హైమని పిలిచింది. పిల్ల అయిదు నిమిషాల్లో ఫిల్టరు కట్టి, మర మీద చెయ్యి వేసింది. మిగతా పిల్లలు గోడవారగా నిలబడి చూస్తున్నారు. కోదండపాణి గారు స్వయంగా స్ప్రెడ్‌షీటు ముందు కూర్చున్నారు.

"పది హెర్ట్జులు. ఒక వోల్టు."

"ఒకటి" అని కొట్టారాయన.

"వంద. ఒక వోల్టు."

"ఒకటి. బాగుంది."

"అయిదు వందలు. సున్నా పాయింటు ఎనిమిది తొమ్మిది."

పంచనాథం గారు కుర్చీలో ముందుకి జరిగారు. "దిగుతున్నట్టుందే?"

"లేదు సార్" అన్నారు కోదండపాణి గారు నింపాదిగా. "సగానికి మించినదాన్ని ఒకటిగా స్వీకరించుట గణాంకశాస్త్ర సంప్రదాయం. ఒకటి."

"వెయ్యి. సున్నా పాయింటు ఏడు."

"సగానికి మించింది. ఒకటి."

"రెండు వేలు." హైమ వోల్టు మీటరుకేసి చూసి ఆగింది. సుభాషిణి మొహంలోకి చూసింది. ఆ చూపులో ప్రశ్న ఏమిటో ఆవిడకి తెలుసు. చెప్పు అన్నట్టు తలాడించింది. "సున్నా పాయింటు నాలుగు అయిదు."

కోదండపాణి గారి వేలు మీటల మీద గాల్లోనే ఆగిపోయింది. "సార్, ఇది సగానికి లోపు. సున్నాకి పోతుంది."

"మనం ఉండగానా?" అన్నారు పంచనాథం గారు.

సంగతి ఆయనకి అప్పుడు తట్టింది. దిగిన గీతకి దగ్గరున్నవాళ్ళు బాధ్యులు. ఇప్పుడు దగ్గరున్నది తాము. షీటు కింద సంతకం పెట్టాల్సింది తాము. నరహరి గారు అప్పటికే రెండడుగులు వెనక్కి వేసి, గుమ్మం బయట నిలబడి ల్యాబు గోడకి పెచ్చులెక్కడూడాయో పరీక్షగా చూస్తున్నారు.

"అమ్మాయ్, ఆ మరని వెనక్కి తిప్పు. వెయ్యి దగ్గర పెట్టు" అన్నారు పంచనాథం గారు. తర్వాత గొంతు సవరించుకుని నివేదిక చెప్పడం మొదలెట్టారు, కోదండపాణి గారు రాసుకుంటున్నారు. "కమిటీ సమక్షంలో వెయ్యి హెర్ట్జుల వరకు ప్రయోగం సంపూర్ణ విజయవంతముగా నిర్వహించబడినది. గీత అత్యంత నిలకడ ప్రదర్శించినది. వెయ్యి అనంతరం గీత దిగుటకు అవకాశమున్నట్లు విశ్వసనీయముగా తెలియవచ్చినందున, ముందుజాగ్రత్త చర్యగా ప్రయోగము అచ్చటనే ముగించవలెను. మిగిలిన గడులయందు 'వర్తించదు' అని రాయవలెను."

"సార్, అసలు ఫిల్టరు పని మొదలయ్యేదే అక్కడ" అంది సుభాషిణి. ఆవిడకి రోషం వచ్చింది. "అక్కడ ఆపితే పిల్లలు చూసేది వచ్చింది వచ్చినట్టు పోనిచ్చే ఉత్త తీగని."

"మేడం, మొదలవ్వనిదానికి పడిపోవుట అనే సమస్య ఉండదు. అదే పరిపాలన."

ఇలాంటి పరిష్కారాన్ని ఎవరైనా మళ్ళీ ముందుకు తిప్పేస్తారేమోనని ఆయనకి అనుమానమొచ్చింది. అప్పలకొండని కేకేసి లక్క, కొవ్వొత్తి తెప్పించారు. వెయ్యి దాకా తిరిగి అక్కడ ఆగేలా మర పక్కగా ఒక దారం చుట్టి, దాని మీద ఎర్ర లక్క కరిగించి పోసి, సంచీలోంచి ఇత్తడి ముద్ర తీసి నొక్కారు. అది ఎన్నికల డ్యూటీకి వెళ్ళినప్పటిదట, చెయ్యి అలవాటు పోలేదు. "ప్రభుత్వ ముద్ర. దీన్ని తొలగించినవారు ఉద్యోగానికి అనర్హులు, ఆపైన చట్టరీత్యా శిక్షార్హులు" అని అందరికీ వినిపించేట్టు చెప్పి, టీ తాగి వెళ్ళిపోయారు.

అవే అంకెలు అన్ని షీట్లకీ ఎక్కించాక, అంకె ఉన్న చివరి గడిలోనూ ఒకటే గనక పోర్టల్ పచ్చబడింది. అచ్చు బటన్ కనపడింది. ముప్ఫై ఆరు సర్టిఫికెట్లు వేడివేడిగా బయటికొచ్చాయి. ఒక్కో దాంట్లో ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి, ఆపైన వర్తించదు, వర్తించదు, వర్తించదు. సుభాషిణి సంతకాలు పెట్టింది. పిల్లల మొహాలు చూసి పెట్టింది.

ఇరవయ్యో తారీఖున పిల్లలతో బస్సులో తనే వెళ్ళింది. కంపెనీలో ఇంటర్వ్యూ చేసేది షహనాజ్ అనే ఇంజనీరు, నలభై అయిదేళ్ళుంటాయి, మాట కటువు. ముందు బల్ల మీద రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన సర్టిఫికెట్లు దొంతరగా ఉన్నాయి. ఆవిడ ఒక్కోటి తిరగేస్తున్న కొద్దీ కనుబొమలు పైకి లేస్తున్నాయి, ఆ కాలేజీల గీతల్లాగే.

"ఈ కాలేజీ చూడండి. లోపలికి ఒక వోల్టు పంపితే ఫిల్టరు పన్నెండు వోల్టులు బయటికి తోలిందట! ఇంత గొప్ప వస్తువుని మాకెందుకు పంపడం, కరెంటాఫీసుకి పంపాల్సింది" అని పక్కకి విసిరేసింది. నీలాటివలస కాగితం తీసింది. "ఇది ఫిల్టరా, తీగముక్కా? ఎవరమ్మా ఇది చేసింది?"

వెనక కుర్చీలో సుభాషిణికి తల కొట్టేసినట్టయింది. లేచి ఏదో చెప్పబోయింది గాని, హైమ అప్పటికే లేచి నిలబడింది. అడక్కుండానే బోర్డు దగ్గరికెళ్ళి పెన్ను తీసుకుంది. చదునుగా ఒక గీత మొదలెట్టి, వెయ్యి దగ్గర వంచి, అక్కణ్ణుంచి బోర్డు అడుగు దాకా జార్చుకుంటూ పోయింది. పక్కనే అంకెలు వేసింది, ఒక్క రీడింగు తడుముకోకుండా.

"మరి సర్టిఫికెట్టులో ఇలా లేదే?" అంది షహనాజ్.

"సర్టిఫికెట్టులో ఉన్నది కమిటీ చేసింది మేడం. ఇది మేం చేసింది" అంది హైమ. అని సంచీలోంచి రఫ్ పుస్తకం తీసి ఇచ్చింది.

షహనాజ్ ఆ పుస్తకం పేజీలు చాలాసేపు తిప్పింది. ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. మిగతావాళ్ళ పుస్తకాలూ తెమ్మంది. సాయంత్రానికి ముప్ఫై ఆరుగురిలో ఇరవై ఒక్కమందిని తీసుకుంది. మిగిలిన నలభై ఒక్క కాలేజీల్లోంచి తీసుకున్నది ఇద్దర్ని. తిరుగు బస్సులో పిల్లలు పాటలు పాడుతుంటే సుభాషిణి కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

వారానికి కంపెనీ ఉత్తరం వచ్చింది. వచ్చే ఏడాదీ నీలాటివలసకి వస్తామని, కాకపోతే గీతని మొదట్నుంచి చివరిదాకా సొంత చేత్తో కొలిచిన పిల్లలే కావాలని అందులో ఉంది. నరహరి గారు మొదటి వాక్యం చదివి ఉత్తరాన్ని పై ఆఫీసుకి పంపేశారు. పై ఆఫీసులో కూడా ఓపిక ఉన్నంతవరకే చదివారు. ఇరవై ఒక్క ఉద్యోగాలు! నలభై రెండు కాలేజీల్లో ఎక్కడా రాని ఫలితం ఈ ఒక్క కాలేజీకే ఎలా వచ్చింది? మిగతా వాటిల్లో లేనిది ఇక్కడేముంది? ఫైలు తిరగేశారు. లక్క ముద్ర ఉంది.

"నీలాటివలస విధానము సత్ఫలితములిచ్చినందున, రాష్ట్రమందలి అన్ని కళాశాలలయందు సిగ్నల్ జనరేటర్లకు వెయ్యి హెర్ట్జుల వద్ద తక్షణమే లక్క ముద్రలు వేయవలెను" అని ఉత్తర్వొచ్చింది. పంచనాథం గారికి పదోన్నతి వచ్చింది. నరహరి గారికి ప్రశంసాపత్రం వచ్చింది. అప్పలకొండకి కూడా ఒక కాగితం వచ్చింది, యాభై వేల హెర్ట్జుల్ని దిగకుండా కాపాడినందుకు. వాడు దాన్ని లామినేషన్ చేయించుకున్నాడు.

జూన్ నెలాఖరున కొత్త బ్యాచ్ ల్యాబులోకొచ్చింది. నలభై ఒక్కమంది. ఫిల్టరు కట్టారు. పది, వంద, అయిదు వందలు, వెయ్యి. మర అక్కడ ఆగిపోయింది. ముందు బెంచీలో ఒక పిల్ల ఆ ఎర్ర ముద్దని చూసి, "ఆ తర్వాత ఏమవుద్ది మేడం?" అని అడిగింది.

ఉత్తర్వులో దానికీ జవాబుంది. "వర్తించదు" అని చెప్పాలి. సుభాషిణి మర దగ్గరికి నడిచింది. భయం వేసింది ఆవిడకి. ఎందుకు వెయ్యదు, ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. ఇంకో పదకొండేళ్ళుంది. ఈ నలభై ఒక్కమందీ వచ్చే ఏడు షహనాజ్ ముందు నిలబడి తీగముక్క గీసి ఇంటికొచ్చేస్తారు, వాళ్ళకి తెలీను కూడా తెలీదు ఏం పోగొట్టుకున్నారో. అది తల్చుకుంటే ఆ భయం కంటే ఇదే ఎక్కువ నొప్పిగా ఉంది.

బల్ల మీది స్క్రూడ్రైవరు తీసుకుంది.

"మేడం, మేడం!" అని అప్పలకొండ పరిగెత్తుకొచ్చాడు. "ఉజ్జోగం పోద్ది. ఆగండి. నాను తుడుస్తంటే ఇరిగిపోనాదని రాసీండి, నాకేటి, ఇంకో రెండేళ్ళలో దిగిపోతాను."

"నువ్వు విరగ్గొట్టలేదు గదయ్యా" అంది సుభాషిణి. మొన అంచుకి పెట్టి ఒక్క పోటు పొడిచింది. లక్క ఫట్‌మని రెండు ముక్కలై నేల మీద పడింది. ల్యాబు రిజిస్టరు దగ్గరికి లాక్కుని, తేదీ వేసి, 'సిగ్నల్ జనరేటరు సీలు ఈ రోజు నేనే తీశాను' అని రాసి కింద పూర్తిపేరుతో సంతకం పెట్టింది.

"ఎవరు తీసినారని అడిగితే ఏటి సెప్పమంటారు?" అన్నాడు అప్పలకొండ, ముక్కలు ఏరుతూ.

"పుస్తకంలో ఉంది, చూసుకోమను" అని, మరని రెండు వేల మీదికి తిప్పింది.